చేతుల తిమ్మిరికి ఏరో బార్ మందేనా?

మన కుర్రాళ్లు కొందరు సెకండ్ హ్యాండ్‌లో రోడ్ సైకిళ్లు కొని, వారం సెలవు రోజున హోసూరు నుంచి కృష్ణగిరి దాకా తొక్కుతున్నారు. పోను సుమారు 50 కిలోమీటర్లు. వాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతా ఉండాయి. ఏరో బార్ వేయిస్తే పోతాదా?"

డబ్బు ఇచ్చే అమ్మానాన్నలకూ ఇది తెలియాలి. హ్యాండిల్ మధ్యలో ముందుకు బిగించే రెండు కడ్డీలు, ముంజేతులు ఆనించను రెండు మెత్తలు, అదే ఏరో బార్. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు, 24.5 కిలోమీటర్ల పందెంలో అమెరికా వాడు గ్రెగ్ లెమాండ్ దీన్ని వాడి, 50 సెకన్ల వెనకబాటును పూడ్చుకొని మొత్తం రేసును 8 సెకన్లతో గెలిచినాడు. అది గాలిని కోసి వేగం తెచ్చుకునేందుకు. మనవాళ్లు అడిగేది సుఖం కోసం.

సుఖం ఉంది, నిజమే. అరచేతిలో చిటికెనవేలి పక్కగా ఒక నరం పోతుంది. గంటలకొద్దీ ఒంటి బరువు దానిమీద పడితే ఆ రెండు వేళ్లూ మొద్దుబారతాయి. ముంజేతులు మెత్తల మీద ఆనిస్తే అరచేతికి విశ్రాంతి. స్పిన్నింగ్‌లో తెగిన నూలు అతికే వేళ్లకు ఇది చిన్న విషయం కాదు. వేలికి స్పర్శ లేకుంటే పని సాగదు.

అయితే ముందు ఖర్చు లేని పనులు చూడండి. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే బరువంతా చేతుల మీదికి జారుతుంది, సమంగా పెట్టండి. హ్యాండిల్ మరీ కింద ఉంటే కొంచెం లేపించండి. మోచేతులు బిగబట్టకండి. పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. టైరులో గాలి రాయిలా కొట్టకండి. చాలామందికి దీంతోనే తగ్గుతుంది.

అప్పటికీ కావాలంటే మెత్తలు ఎత్తుగా, దగ్గరగా బిగించుకోండి. రేసువాళ్లలా కిందికి వంగితే చేతి నొప్పి మెడకూ నడుముకూ ఎక్కుతుంది. కొనేముందు మీ హ్యాండిల్ మందానికి ఆ బిగింపు సరిపోతుందో లేదో చూసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతా. కడ్డీలు పట్టుకున్నప్పుడు బ్రేకు చేతికి అందదు. హోసూరు మెట్ట, కృష్ణగిరి పల్లం, శూలగిరి దాటినాక దిగుడు ఎక్కువ. లారీలు, సర్వీస్ రోడ్డు నుంచి ఉన్నట్టుండి వచ్చే బండ్లు సరేసరి. దిగుడులో, గుంపులో, ఊళ్ల దగ్గర చేతులు బ్రేకు మీదే ఉండాలి. దారి తిన్నగా, ఖాళీగా ఉన్న చోటే ఆ కడ్డీలు.

మరుసటి రోజుకూ తిమ్మిరి పోకున్నా, పట్టు సడలినా సైకిలు పక్కన పెట్టి ఇ.ఎస్.ఐ. డాక్టరుకు చూపించండి. నరం సంగతి కొత్త సామానుతో సరిపెట్టుకునేది కాదు.