మాటే మీ మొహం!

కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా కాలేజీలు వచ్చి, కృష్ణా డెల్టా పల్లెల పిల్లలకు చదువు దగ్గరైంది. కొలువు మాత్రం చాలామందికి దూరంగానే ఉండిపోయింది. ఉయ్యూరు అమ్మాయికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అంటే పొద్దున్నే విజయవాడ చేరి సాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. తోడుగా నాన్నో, అన్నయ్యో వెళ్లాలి. ఇప్పుడు చాలా కంపెనీలు తొలి వడపోతను ఫోన్లోనే కానిచ్చేస్తున్నాయి. ఇంట్లో కూర్చునే కదా అని తేలిగ్గా తీసుకున్నారో... ఇక రైలెక్కే అవసరమే రాదు!

గొంతంతా చేరదు

ఎదురుగా కూర్చున్నప్పుడు మాట తడబడినా చిరునవ్వు ఆదుకుంటుంది. ఫోన్లో ఆ ఆసరా ఉండదు. పైగా మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనినే మోసుకెళ్తుంది. 'ఎస్'నీ, 'ఎఫ్'నీ వేరుచేసే సన్నని శబ్దం చాలావరకు అంతకు పైన ఉంటుంది. అందుకే ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి. 4జీ కాల్స్‌లో స్పష్టత పెరిగినా అవతలివారి ఫోను ఎలాంటిదో మనకు తెలియదుగా! పేరు, ఈమెయిల్ చెప్పేటప్పుడు 'ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫాదర్' అని విడమరచండి. 'ఫిఫ్టీన్' అన్నది 'ఫిఫ్టీ'గా వినిపించే ప్రమాదమూ ఉంది. వెంటనే 'వన్ ఫైవ్' అని కలపండి.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలకడం ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు. బస్ మన నోట 'బస్సు' అయ్యింది అందుకే. ఇంగ్లిషులోనూ ఆ ఒరవడి తొంగిచూస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దాన్ని దాచడానికి అమెరికా గొంతు అరువు తెచ్చుకోకండి. వేగం తగ్గించి, వాక్యం చివర కాస్త ఆగితే చాలు.

ముందురోజే...

* సిగ్నల్ బాగా అందే గది చూసుకోండి. డాబా మీద గాలి హోరు, వంటగది పక్కన కుక్కర్ విజిల్ తప్పవు. ఆ అరగంట టీవీ కట్టేయమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.
* బయోడేటా, ఉద్యోగ ప్రకటన, నీళ్ల గ్లాసు, పెన్ను, కాగితం దగ్గరుంచుకోండి. ముఖ్యాంశాలు రాసుకోవచ్చు కానీ చూసి చదవద్దు. ఆ సంగతి అవతలివాళ్లు ఇట్టే పసిగడతారు.
* స్నేహితుడితో పక్క గదిలోంచి ఫోన్ చేయించుకోండి. రికార్డు చేసి వినండి. ఎక్కడ పరుగెత్తుతున్నారో మీకే తెలుస్తుంది.

ఫోన్ మోగాక...

'ఆఁ... చెప్పండి' అనకుండా నమస్కారం చెప్పి, పేరు చెప్పండి. కథ వింటున్నట్టు మాటమాటకీ ఊఁ కొట్టకండి. ప్రశ్న పూర్తయ్యాకే నోరు విప్పండి. ఆలోచించాల్సి వస్తే మౌనంగా ఉండిపోవద్దు, లైను తెగిందనుకుంటారు. 'ఒక్క క్షణం ఆలోచించి చెబుతానండీ' అనండి.

బెంజి సర్కిల్‌లో ట్రాఫిక్ మధ్య ఉండగా చెప్పాపెట్టకుండా ఫోన్ వచ్చిందా? 'రోడ్డు మీద ఉన్నానండీ, అరగంటలో మాట్లాడవచ్చా?' అని మర్యాదగా అడగండి. హారన్ల మధ్య అరిచి చెప్పేకంటే అదే మేలు.

అయిదు నిమిషాలు మాట్లాడి 'ఉద్యోగం ఖాయం, డిపాజిట్ కట్టండి' అన్నారా? అది ఇంటర్వ్యూ కాదు, వల. రూపాయి కూడా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరగా, తర్వాతి దశ ఎప్పుడో అడిగి తెలుసుకుని, కృతజ్ఞతలు చెప్పి, అవతలివారు పెట్టేశాకే ఫోన్ పెట్టేయండి. ఆ తర్వాత సాతవాహనకు టికెట్ సంగతి చూసుకోవచ్చు!