ప్రవచనమును అధ్యయనమే : నూతనోపాధ్యాయుని గూర్చి ఒక విచారము

విద్య నాలుగు దశలలో ఉపయోగమునకు వచ్చునని పతంజలి మహర్షి మహాభాష్యము మొదటి ఆహ్నికముననే నిరూపించెను. గురువునుండి గ్రహించు కాలము ఆగమకాలము. తనలో తాను ఆవృత్తి చేసికొను కాలము స్వాధ్యాయకాలము. ఇతరులకు బోధించు కాలము ప్రవచనకాలము. నేర్చినదానిని కార్యములందు వినియోగించు కాలము వ్యవహారకాలము. వ్యాకరణ విద్యార్థులందరు తొలినాళ్లలోనే వినెడి విషయమిది. అయినను దీనినుండి వెలువడు ఒక ఫలితార్థము తగినంతగా విచారింపబడలేదు. ప్రవచనము విద్యలోని ఒక దశయైనచో, బోధింప నారంభించినవాడు అధ్యయనమును ముగించినవాడు కాజాలడు. అతడు మూడవ దశలో నప్పుడే అడుగిడినవాడు. మొదటి రెండు దశలలో పెద్దల సన్నిధి ఆవశ్యకమని అందరు నంగీకరింతురు. మూడవ దశలో మాత్రము అది యేల అనావశ్యకము కావలెను?

నేటి వ్యవస్థ దీనికి విరుద్ధముగా నడచుచున్నది. నియామకపు ఉత్తరువు చేతికందిన దినమే అధ్యయనము ముగిసినదని అది భావించుచున్నది. ఇరువది యేండ్లు బోధించిన పండితునకు ఎన్ని పీరియడ్లు కలవో, నిన్న చేరిన యువకునకును అన్నియే. పలుచోట్ల ఇతరులు వలదన్న తరగతియే అతని పాలబడును. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనలు బి.ఇడి. శిక్షణను రెండు సంవత్సరములకు పెంచి, అందు 20 వారములు పాఠశాలలతో సంబంధము కలిగి యుండవలెనని విధించినవి. ఇది మంచిదే. కాని ఆ వారములు ముగిసిన పిమ్మట అతని తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి పాఠము వినువాడు తనిఖీకి వచ్చు అధికారి తప్ప మరియొకడు సాధారణముగా నుండడు. ఉద్యోగములో చేరువరకు పరీక్షలు పెక్కు. చేరిన పిమ్మట పలుకరించువారు అరుదు.

దీనివలన కలుగు నష్టమెట్టిదో ఒక చిన్న ఉదాహరణముచే గ్రహింపవచ్చును. ఎనిమిదవ తరగతిలో గుణసంధి బోధింపబడుచున్న దనుకొందము. ఉపాధ్యాయుడు లక్షణమును చెప్పెను, బాలురచే వల్లె వేయించెను, ఉదాహరణములను నల్లబల్లమీద వ్రాసెను. పిమ్మట ‘దేవేంద్రుడు’ అను పదమును విడదీయుమని ఒక బాలిక నడిగెను. ఆమె ‘దేవ + ఏంద్రుడు’ అని చెప్పెను. ‘తప్పు, కూర్చో’ అని అతడు ప్రక్కవాని నడిగెను. ప్రక్కవాడు సరిగా చెప్పగా పాఠము ముందునకు సాగెను. లక్షణము చెప్పబడినది, ఉదాహరణము చూపబడినది, సమాధానము రాబట్టబడినది. పాఠ్యపథకము ననుసరించి చూడగా లోపమేమియు లేదు.

అయినను ఆ బాలిక సమాధానములో ఒక సిద్ధాంతమే యిమిడి యున్నది. వినబడిన ప్రతి ధ్వనియు రెండు పదములలో ఏదో యొకదానికి చెంది తీరవలెనని ఆమె యెంచినది. పూర్వపరముల రెండింటి స్థానమున ఒకే వర్ణము వచ్చుననెడి ఏకాదేశ భావము ఆమెకు అందలేదు. లక్షణము కంఠస్థమైనను ఆ భావము అందనిచో సంధి అంతయు ఆమెకు చీకటియే. ‘ఇంద్రుడు అను మాటలోని ఇకారము ఎచ్చటికి పోయినది?’ అని ఆమెనే అడిగినచో చిక్కు అచ్చటనే విడియుండెడిది. నూతనోపాధ్యాయునకు ఆ ప్రశ్న తోచలేదు. తోచకపోవుట అతని శాస్త్రజ్ఞానలోపము కాదు. ఏకాదేశమును గూర్చి అతడు గంటసేపు ఉపన్యసింపగలడు. కాని ఆ విషయమున పదమూడేండ్ల బుద్ధి ఎచ్చట తడబడునో అతడింకను చూడలేదు. చూచిన పెద్దవాడు అతని దాపున లేడు.

శాస్త్రగ్రంథములలో పూర్వపక్షమునకు గల స్థానము పండితులకు విదితమే. పూర్వపక్షమును సమర్థముగా నిలిపి, దాని మూలమును కనుగొని ఖండించినప్పుడే సిద్ధాంతము స్థిరపడును. తరగతిలో బాలుని తప్పే పూర్వపక్షము. దానిని ‘తప్పు’ అని త్రోసివేసి సిద్ధాంతమును పలుకువాడు సగము శాస్త్రమునే బోధించుచున్నాడు. వరదరాజు భట్టోజిదీక్షితుని శిష్యుడై సిద్ధాంతకౌముదిని సంక్షేపించి లఘుకౌముదిని రచించుట ఈ దృష్టితో గమనింపదగినది. ప్రారంభకునకు ఏది ముందు, ఏది వెనుక, ఏది ప్రస్తుతమునకు అక్కరలేనిది అను వివేకము గ్రంథమును తాను తెలిసికొనుటకంటె వేరైన జ్ఞానము. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ భేదమునే ప్రతిపాదించెను. విషయజ్ఞానము వేరు, ఆ విషయము విద్యార్థికి ఎట్లు కఠినమగునో, ఎట్లు సులభమగునో తెలియుట వేరు అనుట అతని అభిప్రాయము. ఈ రెండవ జ్ఞానము తరగతిలో బోధించుచుండగా, చూచినవారితో ఆ బోధనమును చర్చించుచుండగా మాత్రమే బలపడును.

ప్రాచీన పాఠశాలలలో దీనికొక ఏర్పాటు సహజముగా నుండెడిది. పాఠము ముగిసిన పిమ్మట ‘చింతన’ జరుగును. పై విద్యార్థి క్రింది విద్యార్థులకు పంక్తి చెప్పును. గురువు అరుగుమీదనో ప్రక్క గదిలోనో ఉండి వినుచుండును. పంక్తి తప్పినచో అచ్చటనుండియే సవరించును. ఇట్లు ఆ విద్యార్థి స్వయముగా గురుపీఠమెక్కుటకు ముందే కొన్ని సంవత్సరములు గురువు వినికిడిలో బోధించియుండును. దేశీయ బడులలోని ఇట్టి పద్ధతినే ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు మద్రాసులో చూచెను. 1789లో ఎగ్మూరు అనాథబాలుర శరణాలయమునకు అధికారియై వచ్చిన ఆయన, బాలురచే బాలురకు చెప్పించు విధానమును అచ్చట అమలుచేసి, స్వదేశమునకు మరలిన పిమ్మట 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అది ‘మద్రాసు పద్ధతి’ అను పేర ఇంగ్లండులో వ్యాపించెను. కాని అచ్చటివారిని మిక్కిలి ఆకర్షించిన గుణము, ఒక్క ఉపాధ్యాయుని జీతముతో వందలమందికి చదువు చెప్పించు సౌలభ్యము. చెప్పువాడును నేర్చుచున్నాడు, అతనిపై గురుదృష్టి నిలిచియుండవలెను అను మూలసూత్రము వెనుకబడెను. వ్యయము తగ్గించు దృష్టితో మంచి పద్ధతిని గ్రహించినచో మిగులునది దాని యాకారమే.

ఇట్లనుటచే ప్రాచీన పాఠశాల సర్వగుణసంపన్నమని భావింపరాదు. దాని ద్వారములు సమాజమున పెక్కుమందికి మూయబడియుండెను. గురువువద్ద ఉన్నవారు పదిమందియే. నిలువలేనివాడు విడిచిపోయెడివాడు; వానిని గూర్చి చింతించినవారు లేరు. అర్థము తెలియని కంఠస్థముతో తృప్తిపడిన సందర్భములును గలవు. నేటి తరగతి వచ్చిన ప్రతి శిశువును స్వీకరించి తీరవలెను. ఆ ధర్మము గొప్పది, కావుననే కష్టతరము. పదిమంది శ్రద్ధాళువులకు చెప్పుటకే గురుపర్యవేక్షణము అవసరమైనచో, ఏబదిమంది భిన్నస్థితులవారికి చెప్పవలసిన యువకునకు అది ఎన్నిరెట్లు అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆధునిక పరిశోధనములు ఈ విషయమున ఏమి తెలుపుచున్నవో పరిశీలింపవలసియున్నది. రిచర్డ్ ఇంగర్సాల్, మైఖేల్ స్ట్రాంగ్ అనువారు 2011లో 15 పరిశోధనములను సమీక్షించి, తొలి సంవత్సరములలో తోడ్పాటు పొందిన ఉపాధ్యాయులు వృత్తిలో నిలుచుటయందును, తరగతి నిర్వహణమునందును, విద్యార్థుల ఫలితములందును అధికభాగము మేలుగా నున్నారని తేల్చిరి. కాని 2010లో ముగిసిన అమెరికా ప్రభుత్వపు పరిశీలనము మరియొక సంగతిని తెలిపినది. అందు 17 విద్యామండలములలోని పాఠశాలలను యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి పోల్చిరి. ఒక్క సంవత్సరము మాత్రమే ప్రత్యేక మార్గదర్శనము లభించినచోట విద్యార్థులలో భేదము కనబడలేదు. రెండు సంవత్సరములు లభించినచోట మూడవ సంవత్సరమున గణితమునందును పఠనమునందును మేలు కనబడినది. ఉద్యోగమున నిలుచువారి సంఖ్య మాత్రము మారలేదు. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, అతని సహచరులు 60 పరిశోధనములను కలిపి చూచి, తరగతిని చూచి సలహా చెప్పు పద్ధతి బోధనమును స్పష్టముగా మెరుగుపరచుననియు, కార్యక్రమము పెద్దదగుకొలది ఆ ఫలితము తగ్గుననియు గుర్తించిరి.

ఈ మూడింటిని కలిపి చదివినచో ఒక తాత్పర్యము లభించుచున్నది. తోడ్పాటు ఫలించును, కాని అది దీర్ఘకాలము సాగవలెను, దగ్గరనుండి జరుగవలెను. నూతనోపాధ్యాయులను వందలకొలది ఒక సభాభవనమునకు రప్పించి మూడు దినములు ఉపన్యాసములు వినిపించుట ఆ కోవలోనికి రాదు. జపానులో 1989లో ఆరంభమైన శాసనబద్ధమైన ఏర్పాటుచే నూతనోపాధ్యాయుడు మొదటి సంవత్సరమంతయు ఒక మార్గదర్శకుని అండలో శిక్షణ పొందును. అదియు గాక ఒకరు పాఠము చెప్పగా తోడి ఉపాధ్యాయులు కూర్చుండి చూచి, పిమ్మట విద్యార్థి ఏమి గ్రహించెనో చర్చించు సంప్రదాయము అచ్చట చిరకాలముగా నున్నది.

చూచువాడు ఏమి చూడవలెనను ప్రశ్నకు మేరీ బడ్ రో చేసిన పరిశోధనము మంచి నిదర్శనము. ప్రశ్న అడిగిన పిమ్మట ఉపాధ్యాయులు సగటున ఒక్క క్షణమంత కాలమే వేచియుందురని ఆమె 1970 దశకమున కనుగొనెను. ఆ కాలమును మూడు సెకండ్లకు పెంచినంతనే బాలుర సమాధానములు దీర్ఘములై, మౌనముగా నుండువారును మాటలాడ నారంభించిరి. తాను ఎంతసేపు వేచియుండుచున్నాడో చెప్పువానికి తెలియదు; వెనుక కూర్చున్నవానికి తెలియును. మార్గదర్శకుని ప్రయోజనమంతయు ఇట్టి చిన్న సంగతులలోనే యున్నది.

ఇచ్చట రెండు ఆక్షేపములు రాగలవు. పెద్దలు తమ దోషములనే పిన్నలకు అంటగట్టుదురేమో యనునది మొదటిది. ఈ భయము నిరాధారము కాదు. సేవాకాలమొక్కటే అర్హతగా మార్గదర్శకుని ఎన్నుకొనరాదు. సంభాషణమునకును ఒక నియమముండవలెను. న్యాయశాస్త్రము కథను వాదము, జల్పము, వితండ అని విభజించినది. తత్త్వనిర్ణయమును కోరునది వాదము. గెలుపును కోరునది జల్పము. తన పక్షమును నిలుపక ఎదుటిదానిని పడగొట్టుటకే చూచునది వితండ. తనిఖీ పుస్తకములో వ్రాయు మాటలు వితండకు సమీపముగా నుండుట అనుభవసిద్ధమే. మార్గదర్శకుడు పలుకునది వాదము కావలెను. అతని మాట సర్వీసు రిజిస్టరులోనికి ఎక్కరాదు. పిన్నవాడును పెద్దవాని తరగతిలో కూర్చుండి ప్రశ్నించు స్వాతంత్ర్యము కలిగియుండవలెను. అట్లు కానిచో తోడ్పాటు పేరిట మరియొక అధికారి పుట్టును.

ఏకోపాధ్యాయ పాఠశాలలలో పెద్ద ఎచ్చట దొరకుననునది రెండవ ఆక్షేపము. ఉన్నత పాఠశాలను, చుట్టుప్రక్కల ప్రాథమిక పాఠశాలలను ఒక సముదాయముగా కూర్చవలెనని 1964-66 నాటి కొఠారీ సంఘము సూచించెను. ఆంధ్రప్రదేశమున 1980 దశకమున బ్రిటిషు సాయముతో మొదలైన ప్రాథమిక విద్యాపథకము ఉపాధ్యాయ కేంద్రములను ఏర్పరచి, ఉపాధ్యాయులు కలిసికొని పాఠములను చర్చించు అలవాటును ప్రవేశపెట్టెను. మార్గములు పూర్వమే చూపబడినవి. ఆ సమావేశములు సర్క్యులర్లు చదువు వేదికలు కాకుండ, పాఠమును చూచి విచారించు వేదికలుగా నిలుచుటయే కావలసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసము 50 గంటలు వృత్తిశిక్షణమున గడపవలెనని కోరుచున్నది. మార్గదర్శనమునకు ఒక జాతీయ కార్యక్రమమును కూడ ప్రతిపాదించినది. ఆ 50 గంటలును శ్రవణముతోనే ముగిసినచో పతంజలి చెప్పిన మొదటి దశయే మరల మరల జరుగును. వానిలో సగమైనను తరగతి గదిలో గడచినప్పుడే ప్రవచనము శిక్షితమగును.

ప్రాచ్య కళాశాలలకు ఈ విషయమున ప్రత్యేక బాధ్యత గలదు. పాఠశాలలలోని భాషోపాధ్యాయులలో పలువురు ఈ కళాశాలల విద్యార్థులే. వారు పట్టము పుచ్చుకొని వెడలినంతనే సంబంధము తెగిపోవుచున్నది. తొలి రెండు సంవత్సరములైనను ఆ సంబంధము నిలుచుట దుష్కరము కాదు. నెలకొకమారు సమీప పాఠశాలలలోని నూతనోపాధ్యాయులను పిలిచి, తమ తరగతులలో బాలురు చేసిన తప్పులను వ్రాసి తెమ్మని కోరవచ్చును. ప్రతి తప్పునకు మూలమేమి, దానిని విప్పు ప్రశ్న యేది అని పండితులు వారితో కూర్చుండి విచారింపవచ్చును. అట్టి విచారములను పరిశోధన పత్రికలు ప్రకటించినచో కొన్ని యేండ్లలో తెలుగు, సంస్కృత బోధనకు ఒక దోషసంగ్రహము సిద్ధమగును. తాళపత్రములలోని పాఠభేదములను సేకరించుటకు చూపు శ్రద్ధలో కొంత బాలుర పాఠభేదములకును చూపుట శాస్త్రగౌరవమునకు భంగము కాదు. దీనికి వలసిన ధనము స్వల్పము. నూతనోపాధ్యాయునకు తొలియేడు వారమునకు రెండు మూడు పీరియడ్లు తగ్గించుట ఒక్కటియే ప్రభుత్వము చేయవలసిన ముఖ్యమైన త్యాగము.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఇరువురు నాట్యాచార్యులు తమలో ఎవరధికులని కలహించి రాజసభకు వత్తురు. వారి శాస్త్రపాండిత్యమును పరీక్షించుటకు మారుగా, వారి శిష్యుల ప్రదర్శనమును చూడవలెనని పండిత కౌశికి నిర్ణయించును. ఆచార్యునకు కొలబద్ద శిష్యుడే యను ఆ నిర్ణయము నేటికిని చెల్లును. అయితే ఆ కొలబద్దతో కొలుచుటకు ముందు ఆచార్యుడు ఆచార్యుడగుటకు వలసిన కాలమును, సహాయమును అతనికి ఇచ్చి యుండవలెను. ఇవ్వక కొలుచుట అన్యాయము. ఆ అన్యాయపు ఫలమును అనుభవించువారు ‘దేవ + ఏంద్రుడు’ అని చెప్పి కూర్చున్న బాలికవంటి పిల్లలు. విజ్ఞులు యోచింతురు గాక.