మనోళ్ళేనని మార్కులు వెయ్యొద్దు

మన దేశపు మెటల్ బ్యాండ్ల ఆల్బముల మీద వచ్చే సమీక్షలు చదివినప్పుడల్లా నాకు స్కూలు యానివర్సరీ గుర్తొస్తుంది. పిల్లోడు స్టేజీ మీద పాట మర్చిపోయినా చప్పట్లే, గుర్తుపెట్టుకుని పాడినా చప్పట్లే. "పాపం, మనోళ్ళు, సొంత డబ్బులు పెట్టుకుని చేసుకున్నారు" అని మొదలవుతుంది సమీక్ష. "ఇంటర్నేషనల్ లెవెల్లో ఉంది" అని ముగుస్తుంది. మధ్యలో పాటల గురించి ఒక్క ముక్క ఉండదు. ఏళ్ళ తరబడి కష్టపడి ఆల్బం చేసినవాడికి ఇంతకంటే అవమానం ఇంకోటి లేదని నా గొడవ.

నాది తిరుపతి, ఉద్యోగం బెంగుళూరు. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో అయిదారు గంటలు పడుతుంది. కొత్త ఆల్బం ఏదైనా నేను వినేది ఆ బస్సులోనే. ఒక్కసారి విని తీర్పు చెప్పే సంగీతం కాదిది. మొదటిసారి అంతా గోలే. రెండోసారికి పాటలు విడివిడిగా తెలుస్తాయి. మూడోసారి, అంటే సుమారుగా మొగిలి ఘాటు దగ్గర, అసలు సంగతి బయటపడుతుంది: ఇందులో రిఫ్ అనేది ఉందా లేదా?

రిఫ్ అంటే గిటారు మీద మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే వరస. కీర్తనకి పల్లవి ఎలాగో మెటల్‌కి రిఫ్ అలాగ. 1970లో బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బం నుంచీ ఈ ఇల్లు నిలబడింది ఈ ఒక్క స్తంభం మీదే. స్పీడు, అరుపులు, అట్ట మీద పుర్రెలు, ఇవన్నీ పైపై రంగులు. హెడ్‌ఫోన్ తీసేశాక కూనిరాగం తియ్యడానికి ఒక్క రిఫ్ కూడా మిగలకపోతే, ఆ ఆల్బం ఏ దేశానిదైనా సరే, నా దగ్గర పాసు మార్కులు పడవు.

తర్వాత చూసేది డ్రమ్స్. డబ్బుల్లేక చాలామంది కంప్యూటర్లో ప్రోగ్రాం చేసేస్తారు, లేదా వాయించిన ప్రతి దెబ్బనీ తీసేసి ఒకే శాంపిల్ అతికిస్తారు. వింటే టైపు మిషను కొడుతున్నట్టుంటుంది. మా గోవిందరాజస్వామి గుడి దగ్గర డోలు విని పెరిగిన చెవులకి ఇది ఇట్టే తెలిసిపోతుంది లెండి. డోలులో ఏ రెండు దెబ్బలూ ఒకలా ఉండవు. ఇహ మూడోది శబ్దం. అన్నిటినీ ఫుల్లుగా పెంచేస్తే మెల్లగా ఉండాల్సిందీ గట్టిగా ఉండాల్సిందీ ఒకటైపోతాయి. కోట్ల డబ్బున్న మెటాలికానే 2008లో 'డెత్ మాగ్నెటిక్'లో ఈ తప్పు చేసి తిట్లు తింది. అదే ఆల్బం వీడియో గేములో వచ్చిన రూపమే బాగుందని అభిమానులు అన్నారు. కాబట్టి బడ్జెట్ లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

సరే, పేర్లు పెట్టి మాట్లాడుకుందాం. బెంగుళూరు క్రిప్టోస్ 1998 నుంచీ ఉన్న బ్యాండు. 2012లో 'ది కాయిల్స్ ఆఫ్ అపోలియన్' జర్మనీ కంపెనీ ఏఎఫ్ఎం ద్వారా వచ్చింది. జంట గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోవడం, ఎనభైల నాటి మెటల్ మీద ప్రేమ, అన్నీ ఉన్నాయి. రిఫ్‌లకి కరువే లేదు. నా కంప్లయింటల్లా గొంతు గురించే. గిటార్లు అంత వయ్యారంగా తిరుగుతుంటే గొంతు మాత్రం మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే గీరుడు. 2016లో 'బర్న్ అప్ ది నైట్', 2019లో 'ఆఫ్టర్‌బర్నర్' వచ్చేసరికి పాటలు సూటిగా, పొందికగా తయారయ్యాయి. కానీ కళ్ళు మూసుకుని వింటే ఏ పాట ఏ ఆల్బంలోదో చెప్పడం నా వల్ల కాదు.

అదే ఊరి బెవర్ సీ 2012లో తన పేరుతోనే తెచ్చిన ఆల్బంలో నాలుగే పాటలు. పేరు ఇంగ్లీషులా కనిపిస్తుంది గానీ పైకి చదివి చూడండి, మన బేవార్సే :) నిదానంగా, బరువుగా, బురదలో ఎద్దుల బండి లాగినట్టు సాగుతుంది. పొడుగు ఎక్కువైంది, ఒప్పుకుంటా. అయినా ఆ ఆల్బం రిఫ్‌లు నాకు ఆఫీసు మీటింగుల్లో కూడా వినిపిస్తాయి.

ఇక మన హైదరాబాదు గాడ్‌లెస్. డెత్ మెటల్. వీళ్ళలో నాకు నచ్చింది ఓపిక. 2016లో 'సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అని రెండు చిన్న ఈపీలు చేసి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నేర్చుకుని, 2021లో గానీ 'స్టేట్స్ ఆఫ్ ఖేయాస్' అనే పూర్తి ఆల్బం తేలేదు. నన్నడిగితే ఇప్పటికీ 'స్వార్మ్' ఒక మెట్టు పైనే. పెద్ద ఆల్బంలో సగం దాటాక చెవికి కాస్త ఊపిరి కావాలనిపిస్తుంది. ఈ మాట అన్నందుకు ఒక మిత్రుడు "తెలుగు నేల మీద ఉన్నదే ఒకటీ అరా, దాన్నీ తిడతావా?" అన్నాడు. తిట్టడమేంటి, నాలుగుసార్లు విన్నాను కాబట్టే చెప్తున్నా!

మా అమ్మ సమీక్ష వేరే. "ఏందిరా ఆ అరుపులు, ఎవురన్నా కొట్టుకుంటా ఉండారా?" ఇది దెయ్యాల సంగీతం అనేవాళ్ళకి నాదొకటే మాట. మా తిరుపతి గంగమ్మ జాతరకి రండి. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల సుద్ద, తోటి వేషానికి బొగ్గు. బూతులు తిడుతూ మొక్కు తీర్చుకునే ఆచారం మాది. నార్వే కుర్రాళ్ళు తొంభైల్లో మొహానికి నలుపూ తెలుపూ పూసుకుని అరిస్తే మేం భయపడాలా?

అలాగని ఆ డప్పు తెచ్చి మెటల్లో కలపమనడం లేదు. విదేశీ సమీక్షకులకి ఈ పిచ్చి ఉంది. ఇండియా అనగానే తబలా ఏదీ, ఢోలకేదీ అంటారు. ఢిల్లీ బ్లడీవుడ్ 2022లో 'రక్షక్'లో ఢోల్ వాడింది, అది వాళ్ళ పాటల్లో ఇమిడింది, బాగుంది. గాడ్‌లెస్‌కి అది అక్కర్లేదు. దోశలో జీడిపప్పు లేదని మార్కులు తగ్గిస్తారా ఎవరైనా?

ఇంత గొంతు చించుకోవడానికి కారణం ఉంది. చిత్తూరు వైపు మా బంధువులబ్బాయి ఒకడు స్నేహితులతో కలిసి మూడు పాటలు రికార్డు చేసి నాకు పంపాడు. అప్పటికే అందరూ అద్భుతం అనేశారట. అదే నమ్మి ఉద్యోగం మానేసి ఆల్బం తీస్తానంటున్నాడు. నేను మూడుసార్లు విని చెప్పాను: "అబ్బయా, డ్రమ్స్ మిషనువని తెలిసిపోతా ఉంది. రెండో పాటలో రెండు నిమిషాలు కొయ్యాల. మూడో పాట రిఫ్ మాత్రం నిజంగా బావుంది, దాని చుట్టూ ఇంకో మూడు పాటలు కట్టు. అప్పటిదాకా ఉద్యోగం జోలికి పోవద్దు."

"సరేన్నా" అన్నాడు గానీ గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. నెలన్నర అయింది, ఫోన్ లేదు. పోయిన వారం వాళ్ళమ్మ చెప్పింది, వీడు రోజూ సాయంత్రం డ్రమ్స్ వాయించే పిల్లోడెవరో దొరికాడని చిత్తూరు పోతున్నాడట.