వాల్వు వెలిగితే ఘంటసాల తియ్యనవుతాడా?

సిరిసిల్ల నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. పగలంతా సాంచాల మీద పని. రాత్రి యింటికొచ్చి పడుకున్నా చెవుల్లో సాంచాల మోతే! "అన్నా, హెడ్‌ఫోన్ పెట్టుకొని పాత పాటలు వింటేనే నాకు నిద్ర పడుతది. ట్యూబ్ ఆంప్లిఫయర్ పెడితే ఘంటసాల గొంతు తేనె లెక్క వుంటదని దోస్తు చెప్పిండు. రెండు నెలల సంది పైసలు జమచేసిన. కొనాల్నా, వద్దా?" అని.

యిది తమాషా ప్రశ్న కాదు పాఠకులారా! రెండు నెలల రెక్కల కష్టం. అందుకే యీ వారం తారల ముచ్చట్లు పక్కన పెడుతున్నాను. అలగకండి.

ముందు నా కథ. మల్యాలలో మా యింట్లో బాపు కొన్న వాల్వు రేడియో వుండేది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. మీట తిప్పగానే పాడేది కాదు. లోపల దీపాలు ఎర్రబడాలి, పచ్చకన్ను తెరుచుకోవాలి, ఆ తర్వాతే సిలోనైనా, వివిధభారతైనా. ఆ నిమిషంసేపు మేము పిల్లలం దాని ముందు గుడిలో కూర్చున్నట్టు కూర్చునేవాళ్లం. ఆ తీపి మళ్లీ కావాలనే కదా, కొన్నేళ్ల కిందట నేనూ ఒక ట్యూబ్ ఆంప్లిఫయర్ కొన్నాను! మా బామ్మర్ది దుబాయ్ నుంచి తెచ్చిన హెడ్‌ఫోన్ తగిలించాను. పాట మొదలైంది... తబలా తడిసిన డప్పులా మోగింది. గొంతు ఎక్కడో దుప్పటి కింద నుంచి వచ్చింది. మా ఆవిడ నవ్విన నవ్వు మాత్రం మహా స్పష్టంగా వినిపించింది.

తప్పు ఎవరిదీ కాదు. ఆంప్లిఫయర్ మంచిదే, హెడ్‌ఫోనూ మంచిదే. జాతకాలు కుదరలేదు, అంతే!

ఆ జాతకం పేరు ఇంపీడెన్స్. ఓమ్‌లలో కొలుస్తారు. నా హెడ్‌ఫోన్‌ది 32 ఓమ్‌లు. నేను కొన్నది ఓటీఎల్ రకం, అంటే ట్యూబుకీ హెడ్‌ఫోనుకీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం. ట్యూబు స్వభావం ఏమిటంటే ఓల్టేజి ధారాళంగా యిస్తుంది, కరెంటు మాత్రం పిసినారిలా యిస్తుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోను అడిగేది కరెంటునే! పైగా యీ రకం ఆంప్లిఫయర్ల సొంత ఇంపీడెన్సే చాలాసార్లు 100 ఓమ్‌లు దాటుతుంది. అప్పుడు హెడ్‌ఫోను లోపలి పొర మీద దానికి పట్టు చిక్కదు. బేస్ వదులైపోతుంది. ఆంప్లిఫయర్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోనుదానిలో ఎనిమిదోవంతుకు మించకుండా వుంటే మంచిదని ఒక మోటు లెక్క వుంది. శాసనమేమీ కాదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు ఓటీఎల్‌తో ఆ లెక్క తప్పినా కమ్మగా పాడతాయి.

తమ్మీ, నీ హెడ్‌ఫోను మీదో, డబ్బా మీదో ఆ అంకె వుంటుంది, చూడు. 250 ఓమ్‌లో, ఆ పైనో అయితే ఓటీఎల్ గురించి ఆలోచించు. 32 అయితే ట్రాన్స్‌ఫార్మర్ వున్నదో, లేక ముందు ట్యూబూ వెనక ట్రాన్సిస్టరూ కలిపిన హైబ్రిడో చూసుకో. హైబ్రిడ్ చవక కూడా. ఫోనుకు పెట్టుకునే మామూలు హెడ్‌ఫోన్లు చాలావరకు ఆ కోవలోవే.

యిక తేనె సంగతి. ట్యూబు పాటకు కొంచెం కల్తీ కలుపుతుంది, అదీ అసలు గుట్టు! అందులో ముఖ్యమైనది రెండో హార్మోనిక్. అంటే మధ్య షడ్జం పాడితే దాని వెనక సన్నగా తారషడ్జం వినిపించడమన్నమాట. శ్రుతిలో కలిసే కల్తీ కనుక చెవి కోప్పడదు, నిండుదనం అనుకుంటుంది. మంచి తయారీలో యిది ఎంత తక్కువంటే ట్రాన్సిస్టరుకూ దీనికీ తేడా పోల్చుకోలేకపోవచ్చు కూడా.

యింకో మాట చెబితే నీ దోస్తు నన్ను తిడతాడేమో. 1951 నాటి 'మల్లీశ్వరి', 1957 నాటి 'మాయాబజార్' పాటలు వాల్వు యంత్రాల మీద రికార్డయినవే. ట్రాన్సిస్టర్ పుట్టిందే 1947 డిసెంబరులో, అమెరికాలో. మన స్టూడియోలకు చేరడానికి చాలా కాలం పట్టింది. అంటే వాల్వు ఆ పాటలోనే వుంది, నువ్వు కొత్తగా కలిపేది చిటికెడే. మా బాపు రేడియో తీపిలోనూ వాల్వు వాటా కొంతే. మీడియం వేవ్‌లో సన్నని శబ్దాలు ఎలాగూ సగంలో తెగిపోయేవి. చెక్కపెట్టె, ఒకటే స్పీకరు, ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం యిప్పుడు ఏ కొట్లో దొరుకుతుంది? అందుకే ఎక్కడో గీకి గీకి దింపుకున్న పాట కాకుండా శుభ్రమైన కాపీ ముందు సంపాదించు. గరగర పాటకు ట్యూబు పెడితే వెచ్చటి గరగర వస్తుంది!

మోసాలూ వున్నాయి. చవక సరుకులో ట్యూబు కింద నారింజరంగు బల్బు పెట్టి దీపావళి చేస్తారు. అసలు పని లోపలి చిప్ చేస్తుంది, ట్యూబు బొమ్మలా నిలబడుతుంది. నిజమైన ట్యూబు ఫిలమెంటు కాగుతున్న వెలుగు మసకగానే వుంటుంది. ఇక 6ఎస్‌ఎన్7 అనీ, 12ఏయూ7 అనీ పేర్లు చెప్పి పాత ట్యూబులు మార్చి మార్చి వినమనేవాళ్లున్నారు. ఒకప్పుడు మన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారే రేడియో వాల్వులు తయారుచేసేవారు. సరదాయే కానీ, అది జేబుకు చిల్లి పెట్టే సరదా. మొదటి ఏడాది దాని జోలికి పోకు.

230 ఓల్టులదేనా అని అడుగు. ఎర్త్ వున్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. ఓటీఎల్ అయితే ముందు స్విచ్ వెయ్యి, నిమిషం ఆగి అప్పుడు హెడ్‌ఫోను తగిలించు. మూత మాత్రం విప్పకు. లోపల వందల ఓల్టులుంటాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలుస్తాయి.

అన్నట్టు, పగలంతా సాంచాల మోతలో వుండే చెవులు నీవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. నీ వాటా కార్ఖానాలోనే అయిపోతుంది! పనిలో చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో. అవి పది, ఇరవై రూపాయల్లోనే దొరుకుతాయి. రాత్రి పాట గొంతు తగ్గించి విను.

హెడ్‌ఫోను ఏదో, ఎన్ని ఓమ్‌లో వచ్చే ఉత్తరంలో రాయి. అప్పటిదాకా పైసలు కట్టకు.