బెల్టుకి పౌచ్ పెట్టుకున్న అంకుల్స్‌ని చూసి నవ్వాం. తప్పు మనదే!

నేను ఇప్పటిదాకా 31 పాత సెల్ పౌచ్‌లు కొన్నాను. అదే, వెనకాల మెటల్ క్లిప్ ఉండి బెల్టుకి తగిలించుకునేవి. ఇంగ్లీషులో వాటిని హోల్‌స్టర్ అంటారు, తుపాకీ పెట్టుకునే ఒర పేరే ఫోన్‌కీ వచ్చింది. మన దగ్గర మాత్రం అది పౌచ్. "అంకుల్ పౌచ్" అని కూడా అంటాం, నవ్వుకుంటూ.

ఆ 31లో నిజమైన లెదర్‌వి 19. వాటిలో పట్టే ఫోన్లు నా దగ్గర ఉన్నవి నాలుగు. రూమ్మేట్స్ దృష్టిలో ఇది చెత్త పోగేయడం. పాత ఫోన్లు దాచుకుంటే కలెక్షన్ అంటారు, వాటి పౌచ్‌లు దాచుకుంటే పిచ్చి అంటారు. నా వాదన ఒక్కటే: ఫోన్‌ని ఒంటిమీద ఎక్కడ పెట్టుకోవాలి అనే ప్రశ్నకి ఇండస్ట్రీ సీరియస్‌గా ఇచ్చిన చివరి జవాబు ఈ పౌచే. ఆ తర్వాత ఆ ప్రశ్న అడగడమే మానేశాం.

ముందు మా నాన్న సంగతి

మా నాన్న కరెంటు లైన్‌మన్. బెల్టుకి ఒక పక్క కటింగ్ ప్లయర్, ఇంకో పక్క నల్ల లెదర్ పౌచ్‌లో నోకియా 1100. 2015లో నన్ను బీటెక్ హాస్టల్లో దింపడానికి వచ్చిన రోజు, గేటు దగ్గర "నాన్నా, ఆ పౌచ్ తీసెయ్" అన్నాను. ఎందుకురా అని అడగలేదు. తీసి స్కూటర్ డిక్కీలో పడేశాడు. ఆ తర్వాత మళ్లీ పెట్టుకోలేదు.

ఆ వానాకాలమే స్తంభం దిగుతుంటే చొక్కా జేబులోంచి ఫోన్ జారి కాలవలో పడిందట. ఈ విషయం నాన్న చెప్పలేదు, రెండేళ్ల తర్వాత అమ్మ చెప్పింది. పౌచ్ ఎందుకు వాడేవాడివని అప్పుడు అడిగితే ఒకే మాట అన్నాడు: "జేబులో పెట్టుకుంటే అది నాకంటే ముందే కిందకి దిగుద్దిరా."

యూజర్ రీసెర్చ్ అంటే ఇదే కదా ఫ్రెండ్స్! నేను చదువుకునే డిజైన్ బ్లాగుల్లో లేని పాయింట్ అది. నా కలెక్షన్‌లో మొదటి పౌచ్ ఆ డిక్కీలో దొరికిందే.

క్లిప్ మాత్రమే కాదు, అందులో ఇంజినీరింగ్ ఉంది

నా దగ్గరున్న వాటిలో బెస్ట్ పీస్ ఏదంటే బ్లాక్‌బెర్రీ లెదర్ హోల్‌స్టర్ అంటాను. దాని లోపల చిన్న అయస్కాంతం ఉంటుంది. ఫోన్‌లోని సెన్సర్ ఆ అయస్కాంతాన్ని పసిగట్టి "నేను ఒరలో ఉన్నాను" అని తెలుసుకుంటుంది. పెట్టగానే స్క్రీన్ ఆగిపోతుంది. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో హోల్‌స్టర్ లోపల ఉంటే ఎలా మోగాలి, బయట ఉంటే ఎలా మోగాలి అని రెండు వేర్వేరు ఆప్షన్లు ఉండేవి. నడుముకి ఉన్నప్పుడు వైబ్రేట్, టేబుల్ మీద ఉన్నప్పుడు రింగ్. నువ్వు ఏమీ నొక్కక్కర్లేదు.

2011లో ఐప్యాడ్ 2తో స్మార్ట్ కవర్ వచ్చినప్పుడు, మూస్తే స్క్రీన్ ఆగుతుంది, తెరిస్తే వెలుగుతుంది అని అందరం నోరెళ్లబెట్టాం. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆఫీసు అంకుల్స్ నడుముల మీద దాదాపు అదే ట్రిక్ నడుస్తోంది. మనం చూసింది పొట్టని, పౌచ్‌ని కాదు.

ఇంకో విషయం. పౌచ్‌లోంచి ఫోన్ తీయాలంటే బటన్ విప్పాలి, పైకి లాగాలి. రెండు పనులు. అంటే ఫోన్ తీయడం ఒక నిర్ణయం. ఇప్పుడు లిఫ్ట్ కోసం ముప్ఫై సెకన్లు నిలబడినా ఫోన్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. దీనికి డిజిటల్ వెల్‌బీయింగ్ యాప్ పెట్టి, ఆ యాప్ నోటిఫికేషన్ చూడటానికి మళ్లీ ఫోన్ తీస్తున్నాను.

మరి అంత గొప్పదైతే ఎందుకు పోయింది?

సైజు. 2000లో వచ్చిన నోకియా 3310 బరువు 133 గ్రాములు, 2003 నాటి నోకియా 1100 అయితే 86 గ్రాములే. నడుముకి ఉన్నట్టే తెలిసేది కాదు. గెలాక్సీ ఎస్24 అల్ట్రా 6.8 అంగుళాల స్క్రీన్‌తో 232 గ్రాములు ఉంటుంది. దాన్ని నడుముకి తగిలిస్తే బెల్టు ఒక పక్కకి వంగుతుంది, కూర్చుంటే పక్కటెముకలకి తగులుతుంది. ఇక ఫోన్ అందరికీ కనపడే చోట వేలాడుతుంటే రద్దీ బస్సులో దొంగకి పని సులువు. ఇవన్నీ నిజమైన కారణాలే, కాదనను.

పౌచ్‌కి ఇంకో మైనస్ కూడా ఉంది, దీన్ని అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. పాత నోకియా మాన్యువల్స్ వెనక పేజీలు తిరగేయండి. చాలా మోడళ్లకి ఒకే సూచన ఉంటుంది: నడుముకి పెట్టుకునే కేసులో, క్లిప్‌లో లోహం ఉండకూడదు, ఫోన్‌కీ ఒంటికీ మధ్య ఇంత దూరం ఉండాలి అని. కొన్ని మోడళ్లకి 1.5 సెంటీమీటర్లు, కొన్నిటికి 2.2. రేడియేషన్ పరీక్ష ఆ దూరంలో చేసేవాళ్లు కాబట్టి ఆ షరతు. లోహం పక్కన ఉంటే యాంటెన్నా ప్రవర్తన మారిపోతుంది, పరీక్షలో వచ్చిన అంకెకి అర్థం ఉండదు. అంటే మన బజార్లో అమ్మిన మెటల్ క్లిప్ పౌచ్‌లు ఆ మాన్యువల్ ప్రకారం వాడకూడనివి. ఆ పేజీ ఎవరూ చదవలేదు, నేను కూడా కలెక్షన్ మొదలుపెట్టాకే చదివాను.

కాబట్టి "అందరూ మళ్లీ పౌచ్ పెట్టుకోండి" అని నేను అనడం లేదు. నేను అనేది వేరు. పౌచ్ పోయాక దాని స్థానంలో ఏం వచ్చింది? ఏమీ రాలేదు. వెనక జేబులో పెట్టి మీద కూర్చుంటున్నాం, చొక్కా జేబులో పెట్టి వంగితే జారిపోతోంది, జేబుల్లేని డ్రెస్సుల్లో ఆడవాళ్లు రోజంతా చేత్తో మోస్తున్నారు. ఫోన్ రివ్యూల్లో కెమెరాకి పది పేరాలు, బెంచ్‌మార్క్‌కి టేబుల్, బరువుకి ఒక్క అంకె. ఆ బరువు ఎక్కడ పెట్టుకోవాలో ఒక్క వాక్యం ఉండదు.

మీకూ కొనాలనిపిస్తే

ఎర్రగడ్డ సండే మార్కెట్లో, జుమ్మేరాత్ బజార్లో ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. నేను మొదట్లో చేసిన తప్పులు మీరు చేయకండి:

- రెక్సిన్‌ని లెదర్ అనుకోవద్దు. కోసిన అంచు చూడండి. గుడ్డ పోగులు, పైన ప్లాస్టిక్ పొర కనిపిస్తే అది రెక్సిన్. పాలియురెథేన్ పూత గాలిలో తేమకి విడిపోయి పొట్టులా రాలుతుంది, దాన్ని ఆపలేం. నా 12 పౌచ్‌లు అలాగే పోతున్నాయి.
- బటన్ల చుట్టూ పచ్చటి జిగురు కనిపిస్తే భయపడొద్దు. లెదర్‌లోని కొవ్వు, ఇత్తడి బటన్‌లోని రాగి కలిసి అలా అవుతాయి. పొడి గుడ్డ, పుల్లతో తుడిస్తే చాలు.
- క్లిప్ స్ప్రింగ్ పట్టు చూడండి. పైన పూత పోయి తుప్పు మొదలైతే, మడత దగ్గర విరుగుతుంది.
- కొత్త ఫోన్ పెట్టి చూడొద్దు. మూతకి అయస్కాంతం బటన్ ఉంటే కంపాస్ తప్పు చూపించవచ్చు, కెమెరా స్టెబిలైజేషన్ తడబడవచ్చు.
- ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టొద్దు. లెదర్ బూజు పడుతుంది. కాటన్ గుడ్డలో చుట్టి గాలి ఆడేచోట ఉంచండి.

రేటు విషయం: నేను ఒక్కో దానికి 30 నుంచి 200 రూపాయల మధ్యలో ఇచ్చాను. ఆన్‌లైన్‌లో "వింటేజ్" అని రాసి 1,500 అడిగితే ఆ మాటకే 1,300 కడుతున్నారని గుర్తుపెట్టుకోండి.

చివరగా

రెండు నెలల క్రితం నాన్న ఫోన్ మళ్లీ చొక్కా జేబులోంచి జారింది. ఈసారి స్మార్ట్‌ఫోన్, డిస్‌ప్లే పగిలింది. నా 31 పౌచ్‌లూ ముందేసుకుని చూస్తే ఒక్కదాంట్లో కూడా ఆ ఫోన్ పట్టలేదు. రాలిపోతున్న ఒక రెక్సిన్ పౌచ్ క్లిప్ ఊడదీసి, మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. నిలువుగా, క్లిప్ కాస్త వెనక్కి, ఫోన్‌కీ ఒంటికీ మధ్య మందపాటి లెదర్ రెండు పొరలు వేసి కుట్టిచ్చాడు. మాన్యువల్ చెప్పిన దూరం రాలేదు, లోహమూ ఉంది, ఒప్పుకుంటాను. అందుకే ఇంటికి రాగానే తీసి పక్కన పెట్టమని నాన్నకి చెప్పాను.

నాన్న పెట్టుకుని రెండుసార్లు వంగి చూశాడు. పడలేదు. "మీ ఆఫీసుకి వచ్చినప్పుడు తీసేస్తాలే" అన్నాడు.

వద్దు నాన్నా, ఉంచుకో అన్నాను. పదేళ్లు లేటుగా.