పళ్ళచక్రమూ పరువూ

చదువుకున్నవాడు చేతికి గ్రీజు అంటించుకోవడమేమిటని ముక్కున వేలేసుకునే పెద్దమనుషులకు నాదొక ప్రశ్న. మోటారుసైకిలు ఇంజను పక్కనుండే చిన్న పళ్ళచక్రం, అదేనండీ ఫ్రంట్ స్ప్రాకెట్, వెనకదానికన్నా ముందుగా ఎందుకు అరుగుతుంది? ముందు 14, వెనక 42 పళ్ళుంటే, వెనకది ఒక్క చుట్టు తిరిగేలోగా ముందరిది మూడు చుట్లు తిరుగుతుంది. అక్కడ ప్రతి పన్నుకూ మూడింతల చాకిరీ. ఈ లెక్కకు బడిచదువు చాలు, కానీ మన డిగ్రీలు అంత కిందికి వంగవు.

మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. కవరు విప్పి, చెయిను ఇంకా దానిమీద ఉండగానే బండిని గేరులో వేసి, వెనక బ్రేకు తొక్కిపట్టి బోల్టులు వదులు చేయాలి. చెయిను తీసేశాక ఆ బ్రేకు పట్టు దొరకదు. పానా అందక ఉలీ సుత్తీ అందుకుంటే ఆ దెబ్బ షాఫ్టుకూ బేరింగుకూ తగులుతుంది.

సాగిన చెయిను మీద కొత్త చక్రం వేసి డబ్బు మిగిల్చాననుకునే పొదుపరులతోనూ నాకు పేచీయే. ఆ చెయిను కొత్త పళ్ళనూ త్వరగా తినేస్తుంది. చెయిను, రెండు చక్రాలు కలిపి మార్చాల్సిందే.

శ్రమజీవి మీద కవితలల్లే మన చేతులు ఒక్క పూట నల్లబడితే పోయే పరువేమిటో, దయచేసి ఎవరైనా చెప్పండి.