పాటకు పిలిచి పంక్తికి పిలువని మర్యాద

హంపికి వచ్చు యాత్రికులను ఒకపూట మన మోకకు మళ్లింపవలెననియు, హగరి యొడ్డున పందిరి వేసి మన జానపద కళలను వారికి చూపవలెననియు, అందువలన ఊరికి నాలుగు రాళ్లు రాగలవనియు మనలో కొందరు ఉత్సాహవంతులు కొంతకాలముగా చెప్పుచున్నారు. సంకల్పము మంచిదే. సాంస్కృతిక పర్యాటకము, సుస్థిరాభివృద్ధి అను పెద్ద మాటలు ప్రభుత్వ కాగితములను దాటి మన అరుగుల మీదికి కూడ వచ్చినవి. కాని ఆ పందిటిలో బుర్రకథ చెప్పవలసినవారు బుడగ జంగములు. వారిని ఎవరైన అడిగినారా? అడుగలేదు. "పిలిచిన వత్తురులెండి" అని ఒక పెద్దమనిషి సెలవిచ్చినారు. ఆ ఒక్క మాటయే మా చేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

బుడగ జంగములెవరో మన పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. తరతరములుగా ఊరూర తిరిగి కథ చెప్పి బ్రతికినవారు. కర్ణాటకమున షెడ్యూల్డు కులముల పట్టికలో నున్నవారు. వారి ఇంటిభాష తెలుగు. మన జిల్లాలోనే, సండూరు తాలూకా దరోజి గ్రామమున, ఈరమ్మగారని బుర్రకథ చెప్పు గొప్ప కళాకారిణి యుండెడిది. బడి మొగమెరుగని ఆ తల్లి కంఠమున కుమారరాముని కథ మొదలుగా ఎన్నో మహాకథలు నిలిచియుండెను. పదునాలుగవ శతాబ్దమున ఢిల్లీ సుల్తానును ఎదిరించిన కంపిలి రాజకుమారుడే ఈ కుమారరాముడు. రాత్రులకు రాత్రులు సాగు ఆ కథను ఆమె కాగితము లేకయే నడిపెను. కర్ణాటక ప్రభుత్వము 1999లో రాజ్యోత్సవ ప్రశస్తి నిచ్చెను. హంపి కన్నడ విశ్వవిద్యాలయము 2003లో నాడోజ బిరుదముతో గౌరవించెను. 2014లో ఆమె కన్నుమూసెను.

ఇక్కడ ఒక చిన్నమాట. అదే దరోజి పేరిట 1994లో ఎలుగుబంట్లకు అభయారణ్యము ఏర్పడినది. బండల మీదికి వచ్చు ఎలుగుబంట్లను చూచుటకు యాత్రికులు దూరదేశములనుండి కూడ వచ్చుచున్నారు. ఎలుగుబంటికి రక్షణ కలిగినందుకు మాకు సంతోషమే. అయితే దరోజి యన్నంతనే ఎలుగుబంటి గుర్తు వచ్చి, ఈరమ్మగారు గుర్తు రాకపోవుట ఎవరి తప్పు? యాత్రికునిది కాదు. వానికి చెప్పవలసిన మనది.

"ఆమె పాడినది కన్నడమున గదా, తెలుగు సంఘమునకు ఆ ప్రసక్తి ఏల?" అని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణ మోకలో పుట్టినవారి నోట రాదగినది కాదు. వినువారిది కన్నడమైనప్పుడు కన్నడమున పాడి, ఇంటికి వచ్చి పిల్లలను తెలుగున లాలించుట సరిహద్దు బ్రతుకు. బళ్ళారి రాఘవగారు తెలుగునను కన్నడమునను నటించినారని మనము గర్వముతో చెప్పుకొనుటలేదా? రాఘవగారికి గొప్పదనమైనది ఈరమ్మగారికి దోషమెట్లగును? ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు, రాఘవగారు అని మూడు పేర్లు మనము ప్రతి సభలోను జపించుచున్నాము. ముగ్గురును వకీళ్లు. ముగ్గురును మన ఇండ్లవంటి ఇండ్లలో పుట్టినవారు. నాలుగవ పేరు మన నోట రాకపోవుటకు భాష కారణము కాదు. కారణమేదో మనకందరకు తెలియును.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆవలికి పోయినవి. బళ్ళారి తాలూకా మైసూరులో చేరినది. అప్పటినుండి మనము అల్పసంఖ్యాకులము. మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణమును చూపి అర్జీలు పెట్టుకొన్నాము. అర్జీ వ్రాయునపుడు తెలుగువారి సంఖ్య పెద్దదిగా కనబడవలెను గనుక బుడగ జంగములను కూడ లెక్కలో కలుపుకొన్నాము. అర్జీ పోయిన తరువాత వారిని మరచితిమి. లెక్కకు మనవారు, సభకు కారు!

మరియొక సంగతి దాచుట న్యాయము కాదు. కొన్ని ఏండ్ల క్రిందట మన ఉగాది సభకే బుర్రకథవారిని ముగ్గురిని పిలిచితిమి. తంబుర మీటుచు కథ నడుపు పెద్దామె, ప్రక్కవాద్యములతో వంతపాడు ఇద్దరు. అధ్యక్షోపన్యాసము గంటన్నర సాగినందున కథకు మిగిలినది పదునైదు నిమిషములు. ఆమె ఇంకను దేవతాప్రార్థన ముగింపకమునుపే గంట కొట్టితిమి. శాలువ కప్పితిమి, ఫోటో తీయించితిమి, రానుపోను బస్సు ఖర్చు చేతిలో పెట్టితిమి. భోజనమునకు పంక్తులు లేచిన తరువాత వారికి విడిగా వడ్డించితిమి. ఆ సభను నడిపినవారిలో ఈ పంక్తులు వ్రాయుచున్న మేమును ఉన్నాము. ఆ పెద్దామె పోవునపుడు "కథ వినే రోజు పిలవండి, వస్తాము" అన్నది. అప్పుడు అది వినయమనుకొంటిమి.

ఇప్పుడు హగరి యొడ్డున వేయదలచిన పందిరి ఈ ఉగాది సభకు పెద్దన్న కాదా? యాత్రికునికి పది నిమిషముల కథ, పది నిమిషముల కోలాటము, తరువాత జొన్నరొట్టె. కారువానికి బాడుగ, హోటలువానికి గది అద్దె, మధ్యవర్తికి వాటా, పాడినవానికి శాలువ. ఇది కళను పోషించుట కాదు, కళాకారుని ఆకలిని అలంకరించి చూపుట.

మన ప్రక్కనే పాఠమున్నది. 1986లో హంపి ప్రపంచ వారసత్వ స్థలమైనది. శిలలకు గౌరవము వచ్చినది, మంచిదే. 2011 జూలైలో విరూపాక్షుని తేరువీధిలో కాపురముండి అంగళ్లు నడుపుకొనుచున్న 300కు పైగా కుటుంబములను చాలిన వ్యవధి యైన ఈయక తొలగించిరి. ప్రాచీన మండపములలో గోడలు కట్టుకొనుట సరియని మేమనము. న్యాయస్థానపు ఆజ్ఞయు ఉన్నది. అయినను ఆ వీధి రాళ్ల వీధిగా మాత్రమే పుట్టలేదు. అంగడి వీధిగా పుట్టినది. 2020లో నదికావల విరుపాపుర గడ్డలోని వసతిగృహములు సుప్రీము కోర్టు తీర్పుననుసరించి కూలినవి. ఈ రెండు చోట్లను యాత్రికుల రాకయే జీవనాధారమై, ఆ రాకను క్రమపరచు నిర్ణయములలో అచ్చటివారికి చోటు లేకపోయినది. అదే ఒడ్డున ఆనెగొందిలో వేరొక దారి కనబడును. 1997 నుండి కిష్కింధ ట్రస్టు అక్కడి పాత ఇండ్లను బాగుచేసి అతిథులకు వసతి యిచ్చుటకును, స్త్రీలకు అరటినారతో వస్తువులల్లు పని నేర్పుటకును పూనుకొన్నది. మహాద్భుతమని మేమనము, కాని అక్కడ పని ఊరిలో పుట్టి, కూలి ఊరిలో నిలుచుచున్నది.

సండూరు లంబాడీ స్త్రీల కుట్టుపనిని కూడ మన మిత్రులు ఉదాహరించుచున్నారు. సరియే. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశము జరిగినపుడు సండూరు కుశల కళా కేంద్రమువారు 1755 లంబాడీ కళాఖండములను ఒక్కచోట ప్రదర్శించి గిన్నీసు పుస్తకమునకెక్కిరి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. భూదాన్ పోచంపల్లి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థచే ఉత్తమ పర్యాటక గ్రామముగా ఎన్నికైనది. ఇవన్నియు నిజమే. కాని చీర మడిచి పెట్టెలో పెట్టి అమ్మవచ్చును. నిమ్మలకుంటలో నేడు తోలుతో చేసిన దీపపు బుడ్డీలు అమ్ముడగుచున్నవి; తోలుబొమ్మలాటకు మాత్రము రాత్రంతయు కూర్చుండువారు అరుదు. బుడ్డీ కుటుంబమును బ్రతికించినది, ఆటను బ్రతికింపలేదు. బుర్రకథకు ఆ బుడ్డీ కూడ లేదు. దానిలో అమ్మదగిన వస్తువేదియు లేదు. చెప్పువాడు, వినువాడు, ఒక రాత్రి, ఇంతే దాని సరకు. వినువాడు లేనిచో యాత్రికుని రూకతో అది నిలువదు. కనుక ముందు వినవలసినది యాత్రికుడు కాదు, మనము.

బుర్రకథను దేశమంతట చాటినవారు షేక్ నాజరుగారు, ప్రజానాట్యమండలివారు. నాజరుగారికి 1986లో పద్మశ్రీ వచ్చినది. ఆయన ప్రతిభకు నమస్కారము. కాని కథారూపము రంగస్థలమెక్కినంత వేగముగ ఆ విద్యను ఇంటివిద్యగా కాపాడిన సంచారజాతులు గుడిసెనుండి ఇంటికి ఎక్కలేదు.

ఇతర దేశములవారు దీనిని ఎట్లు సాధించిరని అడుగువారికి ఒక్కటి చెప్పెదము. న్యూజీలండు దేశమున రొటోరువా పట్టణము చెంత ఫాకరేవరేవా అను మావోరి పల్లె యున్నది. 1886లో తరవేరా అగ్నిపర్వతము పగిలి ఊళ్లు బూడిదలో పూడిపోగా, తూహోరంగి తెగవారు బంధువుల నేలకు వచ్చి స్థిరపడి, వేడినీటి బుగ్గలను చూడవచ్చువారికి తామే దారిచూపువారైరి. దారిచూపువారిలో స్త్రీలే ప్రసిద్ధులు. నేటికిని అక్కడ కుటుంబములు కాపురమున్నవి. యాత్రికుడు వారి వాకిటికి అతిథిగా వచ్చును. ఏ వాకిలి తెరచియుండునో, ఏది మూసియుండునో ఇంటివారే చెప్పుదురు. ఆదివాసుల హక్కులపై 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రకటన ముందుగా తెలిపి, నిర్బంధము లేక సమ్మతి పొందవలెనన్నది. మన దేశమును దానికి అనుకూలముగా ఓటు వేసెను.

కావున మా అభిప్రాయము నిష్ఠురమైనను చెప్పుచున్నాము. బుడగ జంగముల సమ్మతి లేక హగరి యొడ్డున పందిరి వేయరాదు. ఏ కథ చెప్పవలెను, ఎంతసేపు చెప్పవలెను, ఎంత పుచ్చుకొనవలెను అనునవి వారు చెప్పవలెను, మనము బేరమాడరాదు. ఫోటోలు వద్దన్నచో వద్దు. వసూలైన రొక్కపు లెక్క వారి పెద్దల చేతిలో ఉండవలెను, సంఘపు కోశాధికారి చేతిలో కాదు. ఈ మాటకు మా కోశాధికారిగారికి కోపము రావచ్చును. వారు మాకు మిత్రులే, వచ్చిన కోపము పోవును. వారి పిల్లలలో కథ నేర్వగోరువారికి బడి మానకుండ నేర్చుకొను ఏర్పాటు కావలెను. కథ నేర్వనొల్లక గుమాస్తా కాగోరు పిల్లవానిని "నీ సంస్కృతి ఏమగును?" అని బెదరించు హక్కు మనకు లేదు, మన పిల్లలను మనము బెంగళూరు పంపలేదా?

యాత్రికుల సంగతి తరువాత చూచుకొందము. ముందు మన వీధిలో ఒక కథ పూర్తిగా విందము. వచ్చు ఆదివారము సాయంకాలము దరోజికి మన సంఘమునుండి ఇద్దరు పోవుచున్నారు. పిలుచుటకు కాదు, అడుగుటకు. వారు వత్తుమన్నచో కుమారరాముని కథ మోకలో రాత్రి ఎనిమిదింటికి మొదలగును. ఆనాడు ఉపన్యాసములుండవు. భోజనము కథకు ముందే, ఒకే పంక్తిలో. రాదలచిన కుటుంబములవారు తమ పేర్లను, తెచ్చెడి చాపల సంఖ్యను శుక్రవారము లోపల కార్యాలయమున తెలుపగోరుచున్నాము.